దుబాయ్‌లో స్నేహితుల ఇంటికి వెళ్లేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

స్నేహితుల కోసం ఇంటినుంచి మసాలా పొడులు తీసుకువెళ్లేవారు వాటిలో గసగసాలు కలవలేదని పొడి కొట్టినవారిని అడిగి మరీ నిర్ధారించుకోవాలి. మన వంటింట్లో కుర్మాకూ కోడికూరకూ మామూలుగా వాడే ఈ గింజలు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో నిషిద్ధ పదార్థం కనుక, చిటికెడు దొరికినా విమానాశ్రయంలోనే పెద్ద చిక్కుల్లో పడవచ్చు. ఇతరులు పంపే పొట్లాలను, వారు ఎంత దగ్గరివారైనా సరే, విప్పి చూడకుండా పెట్టెలో సర్దుకోకూడదు. ఇందులో మొహమాటం అస్సలు పనికిరాదు.

ట్రమడాల్, కోడీన్ అనే నొప్పి తగ్గించే పదార్థాలు ఉన్న మందులు వాడేవారు అక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖ అనుమతిని ముందే ఆన్‌లైన్‌లో పొంది, డాక్టరు చీటీని మందులతోపాటే ఉంచుకోవాలి.

వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి స్నేహితులతో షికార్లను సాయంత్రానికి పెట్టుకోవడం మేలు. మెట్రోలో తినడం, తాగడం నిషిద్ధం. అపరిచితులను అనుమతి లేకుండా ఫొటో తీయకూడదు.