ఆనకట్టల నదిలో చేపల దారి – 4వ పాఠం: చేప దమ్ము లెక్క

ఈసారి చేపల నిచ్చెనకు, అంటే చేపలు ఆనకట్ట ఎక్కి ఎగువకు పోవడానికి కట్టే మెట్ల నీటిదారికి, ముఖద్వారం ఎక్కడ పెట్టాలో చెబుతానని మాట ఇచ్చాను. అయితే మూడో పాఠం చివర ఇచ్చిన లెక్కకు ఎక్కువమంది తప్పు జవాబు రాయడంతో ఆ మాటను వాయిదా వేసి, అదే లెక్కను మళ్లీ విప్పవలసి వస్తోంది. లెక్క ఇది: 40 సెంటీమీటర్ల పులస ఒకటి, 20 మీటర్ల పొడవున్న నున్నటి కాంక్రీటు కాలువలో ఎదురీదాలి. కాలువలో నీటి వేగం సెకనుకు 2 మీటర్లు. చేప సెకనుకు 3 మీటర్ల వేగంతో 15 సెకన్లపాటు ఈదగలదు. ఆ చేప కాలువ దాటుతుందా? ఈ అంకెలు పులసను పట్టి కొలిచినవి కావనీ, అభ్యాసం కోసం అనుకున్నవనీ అప్పుడే చెప్పాను. మూడు రెండు కంటే పెద్దది కనుక దాటుతుందని మీరు రాశారు. ఆ చేప దాటదు.

చేప 15 సెకన్లలో నీటిలో 45 మీటర్లు ఈదుతుంది. అదే 15 సెకన్లలో ఆ నీరు దాన్ని 30 మీటర్లు వెనక్కి మోసుకొస్తుంది. గట్టు మీద నిలబడి చూసేవారి కంటికి అది ముందుకు జరిగింది 15 మీటర్లే. ఇంకో 5 మీటర్లు మిగిలి ఉండగానే దాని దమ్ము అయిపోతుంది. వేగంలో వేగాన్ని తీసివేసి అక్కడితో ఆగిపోవడమే మీరు చేసిన పొరపాటు. ఆ మిగులును దమ్ము ఉన్న సెకన్లతో హెచ్చవేసి, వచ్చిన దూరాన్ని దాటవలసిన దూరంతో పోల్చాలి. ఇంజనీరింగ్ చదివినవారు కూడా ఈ ఒక్క మెట్టు వదిలేయడం చూస్తే నాకు విసుగు వస్తుంది, ఎందుకంటే కాగితం మీద పనిచేసి నదిలో పనిచేయని నిచ్చెనలు పుట్టేది ఇలాంటి చోటే.

కొందరు దీనికి ముందే అడ్డు చెప్పారు: చేప మధ్యలో కాస్త ఆగి, అలసట తీర్చుకుని మళ్లీ ఈదవచ్చు కదా అని. ఎదురు ప్రవాహంలో గడ వేసి పడవ నడిపేవారిని చూసినవారు ఈ ప్రశ్న వేయరు. గడ ఎత్తి ఊపిరి పీల్చుకున్న క్షణం నుంచే పడవ వెనక్కి పోవడం మొదలవుతుంది. నున్నటి కాలువలో చేప రెండు సెకన్లు ఆగితే సంపాదించుకున్న దూరంలో 4 మీటర్లు పోగొట్టుకుంటుంది, అలసట మాత్రం రెండు సెకన్లలో తీరదు. పూర్తి బలంతో ఈదిన కండరం కోలుకోవడానికి గంటలు పట్టవచ్చు. ఆగాలంటే ఆగడానికి నిదానమైన నీరు ఉండాలి. నిచ్చెనలో తొట్లు కట్టేది అందుకే.

అదే కాలువలో నీటి వేగం మాత్రం మార్చి చూడండి. సెకనుకు 1.5 మీటర్లయితే మిగులు 1.5, దాన్ని 15తో హెచ్చవేస్తే 22.5 మీటర్లు కనుక చేప దాటుతుంది. 1.7 అయితే మిగులు 1.3, దూరం 19.5 మీటర్లు కనుక అర మీటరు తక్కువలో ఓడిపోతుంది. సెకనుకు ఇరవై సెంటీమీటర్ల తేడా చేపల గుంపు మొత్తాన్ని ఆపేస్తుందన్నమాట.

ఇందులో ఇంకో మెలిక ఉంది. వేగం, దమ్ము ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. చేపల ఈతను మూడు రకాలుగా చూస్తారు: 200 నిమిషాలకు మించి సాగించగల నిలకడ ఈత, 20 సెకన్ల నుంచి 200 నిమిషాల వరకు సాగే మధ్యరకం ఈత, 20 సెకన్లలోపే అయిపోయే ఉరుకు. మన పులస వేగాన్ని సెకనుకు 2.5 మీటర్లకు తగ్గించి 30 సెకన్లు ఈదిందనుకుందాం: సగం మీటరు మిగులు, ముప్పై సెకన్లు, మళ్లీ 15 మీటర్లే. 2.2 మీటర్ల వేగంతో నిమిషంపాటు ఈదితే 12 మీటర్లు. ఉరికి ఉరికి 3.5 మీటర్ల వేగం అందుకుని 8 సెకన్లలో అలసిపోతే అదీ 12 మీటర్లే. ఎలా ఈదినా ఆ కాలువ దానికి మూసిన తలుపే. నీటి వేడిమి మారితే ఈ అంకెలూ మారతాయి కనుక, చలి దేశాల సాల్మన్ చేపల పట్టికలను గోదావరికి తెచ్చి అతికించడం నాకు నచ్చదు.

నీటి వేగం మట్టాల తేడా నుంచి వస్తుంది, దీన్ని క్లుప్తంగా ముగిస్తాను. ఎగువ నీటి మట్టానికీ దిగువ మట్టానికీ ఉన్న తేడాను మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.43తో హెచ్చవేయండి. ఇది పుస్తకంలోని సూత్రమే, గురుత్వాకర్షణ అంకెను 4.43లో ముందే కలిపేయడం మాత్రం నా అడ్డదారి. తేడా 10 సెంటీమీటర్లయితే వేగం సెకనుకు 1.40 మీటర్లు, 15 అయితే 1.72, 30 అయితే 2.43. గేటు కొద్దిగా ఎత్తి ఉండి తేడా 3 మీటర్లయితే వేగం 7.67. గేటు తెరిచే ఉంది కదా, చేప వెళ్లదా అని అడిగేవారికి ఈ ఆఖరి అంకె చూపితే చాలు.

ధవళేశ్వరంలో ఒక ఆగస్టు ఉదయం బ్యారేజీ దిగువన నిలబడి చాలాసేపు చూశాను. గేటు కింది నుంచి దూసుకొచ్చే తెల్లటి నీటిలో ఒక్క చేప కూడా కనిపించలేదు. స్తంభం గోడను ఆనుకుని, నీరు సుడి తిరిగి వెనక్కి మళ్లే మూలలో మాత్రం వేలెడేసి చేపపిల్లలు ముక్కులన్నీ ఒకే వైపు పెట్టి వరుసగా నిలిచాయి. వాటిలో ఒకటి అప్పుడప్పుడు గోడ వెంట మూరెడు ముందుకు వెళ్లి, తెల్లటి నీటి అంచు తగలగానే తిరిగి వరుసలోకి వచ్చి పడేది. మన లెక్కలో చేప 15వ సెకనులో ఏమవుతుందో అక్కడ కళ్లకు కట్టినట్టు కనిపించింది.

ఆర్థర్ కాటన్ 1852లో పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు 175 గేట్ల బ్యారేజీ ఉంది. 10 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి మట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడే సమయానికి, గేట్లన్నీ నీటికి పైకి ఎత్తి ఉంటాయి, దిగువ నీరు కూడా లేచి వస్తుంది కనుక రెండు మట్టాల తేడా బాగా తగ్గుతుంది. అడ్డంకి ఎత్తు ఎంత అని అడిగితే ఒక్క అంకెతో జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఇదే. ఏ రోజు అన్నది కూడా అడగాలి. ఇదే నదిలో ధవళేశ్వరానికి 42 కిలోమీటర్ల ఎగువన పోలవరం స్పిల్‌వేలో (వరద నీటిని వదిలే గేట్ల కట్టడంలో) చేపల కోసం నిచ్చెన కట్టారు. సముద్రం నుంచి వచ్చే చేప దాని దాకా చేరాలంటే ముందు ధవళేశ్వరం దాటాలి. పై నిచ్చెన లెక్కను కింది గేట్ల లెక్క నుంచి విడదీసి చేసేవారి మీద నాకు నమ్మకం లేదు.

ఇక తొట్ల సంగతి. ఒక తొట్టి నుంచి కింది తొట్టికి నీటి మట్టం దిగే ఎత్తే మెట్టు. ఎగువకూ దిగువకూ 4 మీటర్ల తేడా ఉన్న అడ్డంకికి 30 సెంటీమీటర్ల మెట్లు పెడితే 14 సరిపోతాయి; 15 సెంటీమీటర్ల మెట్లయితే 27 కావాలి. ఖర్చు చూసేవారు మొదటిదే ఎంచుకుంటారు, నేను రెండోదాని పక్షం, ఎందుకంటే అందులో నీటి వేగం 2.43 కాదు, 1.72 మాత్రమే. పులస సాల్మన్ లాగా గాలిలోకి ఎగిరి మెట్టు దాటే చేప కాదు. దానికి నీటిలోనే దారి ఉండాలి. అందుకే మెట్టు మీదుగా నీరు దూకే నిచ్చెన కంటే, అడ్డుగోడలో అడుగు నుంచి పైదాకా నిలువు చీలిక ఉండే నిచ్చెన మేలు. నీటి మట్టం పెరిగినా తగ్గినా చీలికలో దారి అలాగే ఉంటుంది. కెనడాలోని ఫ్రేజర్ నది మీద హెల్స్ గేట్ దగ్గర 1940లలో కట్టిన నిచ్చెన ఈ రకానిదే.

తొట్టి ఎంత పెద్దదో కూడా చూడాలి. పడిన నీటి శక్తి తొట్టిలో సుడులుగా కరగాలి, ఆ సుడులు ఎక్కువైతే చేపకు దిక్కు తెలియదు. పులసకు చుట్టాలైన షాడ్ చేపలు సుడుల్లోనూ మూలల్లోనూ చిక్కుకుని ఉండిపోతాయని వాటితో పనిచేసినవారంతా చెబుతారు. తొట్టిలోని ప్రతి ఘనమీటరు నీటిలో కరిగే శక్తి 150 వాట్లు దాటకూడదని పెట్టుకోండి. చీలికలో సెకనుకు అర ఘనమీటరు నీరు పారుతూ మెట్టు 15 సెంటీమీటర్లయితే కరగవలసిన శక్తి 736 వాట్లు, తొట్టిలో దాదాపు 5 ఘనమీటర్ల నీరు ఉండాలి. మెట్టు 30 అయితే దాదాపు 10 ఘనమీటర్లు కావాలి. అంటే మెట్ల సంఖ్యలో మిగిలిందనుకున్న డబ్బు తొట్టి పరిమాణంలో పోతుంది. అమెరికాలో కనెక్టికట్ నది మీద హోల్యోక్ దగ్గర షాడ్ చేపలను 1955 నుంచి లిఫ్టులో ఎక్కిస్తున్నారు. అడ్డంకి బాగా ఎత్తయినదైతే నా మొగ్గు కూడా లిఫ్టు వైపే.

నీలకంఠ రొయ్య పిల్లలకూ మలుగులకూ ఈ లెక్క వర్తించదు. అవి తడి అంచుల వెంట పాకి ఎక్కగలవు. వాటికి గరుకు తలం ఉంటే చాలు. సెకనుకు అర ఘనమీటరంటే 18 క్యూసెక్కుల లోపే కనుక, లక్షల క్యూసెక్కుల నదిలో ఆ సన్నటి ధారను చేప ఎలా కనిపెడుతుందన్న ప్రశ్న మీకు వచ్చి ఉంటుంది. అది ముఖద్వారం పాఠం, వచ్చేసారి తప్పక చెబుతాను.

అభ్యాసం ఈసారి కాగితం మీద కాదు. మీకు దగ్గరలోని లాకు గానీ చెక్‌డ్యామ్ గానీ ఎంచుకోండి. నీటిలోకి దిగకుండా, గట్టు మీద నుంచే, గుర్తులు పెట్టిన కర్రతో ఎగువ, దిగువ మట్టాల తేడా కొలవండి. కింది ప్రవాహంలో పది మీటర్ల దూరానికి రెండు గుర్తులు పెట్టుకుని ఒక కొబ్బరికాయను వదిలి, ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. నడిమధ్యన మూడుసార్లు, గోడ పక్కన మూడుసార్లు. తర్వాత రెండు దారుల్లోనూ మన 40 సెంటీమీటర్ల పులస 15 సెకన్లలో ఎంత దూరం పోగలదో లెక్క కట్టండి. ఇదంతా ఏడు రోజులు వరుసగా, ఒకే వేళకు చేయాలి. ఏ రోజు చేప దాటుతుందో, ఏ రోజు దాటదో పక్కనే రాసి, ఆ రోజు గేట్ల స్థితిని కూడా చేర్చి పంపండి. "వెళ్తుంది" అని ఒక్క మాట రాసి పంపితే చదవను.