పాత రేసింగ్ బండి సీటు: అసలుదేనా, ఎలా బాగు చేయాలి

సీటు అసలుదో కాదో పైన రెక్సిన్ చూసి తేల్చకండి, దాన్ని ఎవరైనా మార్చి ఉంటారు. తిరగేసి అడుగు రేకు చూడండి. స్పాట్ వెల్డింగ్ (రేకులను చుక్కలు చుక్కలుగా అతికే పద్ధతి) గుంటలు వరుసగా ఉన్నాయా? సీటు ఆనే చోట ఫ్రేమ్ మీది అరుగుదల, రేకు మీది అరుగుదల ఒకదానికొకటి సరిపోతున్నాయా? రేకు అంచున అయస్కాంతం జరపండి. పట్టు సడలిన చోట పుట్టీ దాగి ఉంటుంది. రెక్సిన్‌ను పట్టే పళ్లు విరిగి, వాటి బదులు రివెట్లు కనిపిస్తే ఇదివరకే ఎవరో విప్పారన్నమాట. అంతమాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు.

విశాఖ ఉప్పుగాలి మొదట తినేది ఈ రేకునే. ముందు మంచినీళ్లతో కడగండి. లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి రాత్రంతా నానబెట్టండి. పొద్దున బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఎండబెట్టి ప్రైమర్ కొట్టాలి. మధ్యాహ్నం చూద్దాంలే అనుకుంటే ఈ తేమకు మళ్లీ ఎర్రబడుతుంది. చిల్లులకు 1 మి.మీ. రేకు అతుకు వేయించండి, నీరు పోయే రంధ్రాలు మాత్రం పూడ్చకండి.

పాత రబ్బరు ఫోమ్ పొడిగా రాలుతుంటే కొత్తది తప్పదు. పాత కవరు కుట్లు విప్పి, లాగకుండా పరిచి నమూనా గీసుకోండి. కవరు పారేయొద్దు, కొత్త కవరుకు అదే మీ ఆధారం. ఫోమ్‌పై పలచటి పాలిథిన్ వేస్తే కుట్ల రంధ్రాల నుంచి దిగే వాన నీరు ఆగుతుంది. రెక్సిన్ పావుగంట ఎండలో మెత్తబడ్డాక ముందు, వెనక, ఆ తర్వాతే పక్కలు లాగండి.