చోళ్లతో మొదలయ్యే సరుకుల చీటీ
శ్రీకాకుళం, విజయనగరం వైపు నెల సరుకుల చీటీని బియ్యంతో కాక చోళ్లతో, అంటే రాగులతో, మొదలుపెట్టడం మంచిది. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. గంటెలను, అంటే సజ్జలను, మాత్రం గింజలుగానే కొని, వారానికి సరిపడా మాత్రమే మర పట్టించుకోవాలి, ఎందుకంటే వాటిలోని కొవ్వు పిండి అయిన కొద్ది రోజులకే గాలి తగిలి పాడై చేదెక్కుతుంది; చిటికెడు నాలుకపై వేసుకుంటే ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. సంతలో ఉలవలు, పెసలు కొనేటప్పుడు గుప్పెట్లోకి తీసుకుని, గింజకు సన్నని చిల్లులున్నాయేమో, అరచేతికి పిండి అంటుతోందేమో చూడాలి. తెచ్చాక ఒక పూట ఎండబెట్టి, పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తాలి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. బెల్లానికి ఆరోగ్యకరమనే పేరున్నా అదీ చక్కెరే కనుక, నా లెక్కలో దాని డబ్బా చిన్నదిగానే ఉండాలి. అయొడైజ్డ్ ఉప్పును పొయ్యికి దూరంగా, మూత బిగించి ఉంచాలి.