తడిసిన బస్తాను ఆరబెట్టకండి, పారేయండి

నైరుతి ఇంకా దిగలేదు కానీ గాలివానలు అప్పుడే మొదలయ్యాయి. పోయిన నెల అలాంటి ఒక గాలివానకు నాకు తెలిసిన కుక్కల వసతి కేంద్రంలో పైకప్పు రేకు లేచిపోయి ఆరు బస్తాల డాగ్ ఫుడ్ తడిసింది. యజమాని ఆ గుళికలను డాబా మీద పరదా పరిచి ఆరబోయించాడు. గలగలలాడేలా ఎండాక తిరిగి సంచులకు ఎత్తించి వాడుకలో పెట్టాడు. రెండు వారాలు తిరగకముందే నాలుగు కుక్కలు తిండి మానేశాయి. వాంతులయ్యాయి, చిగుళ్లు పచ్చబడ్డాయి. రెండు చనిపోయాయి. అవి ఆయన కుక్కలు కూడా కావు. వేసవి సెలవులకు ఊరెళ్తూ నమ్మి అప్పగించి వెళ్లిన వాళ్లవి. కాలేయం పాడైందని పశువైద్యుడు చెప్పిన తరువాత కూడా ఆయన నన్ను అడిగిన మాట ఒక్కటే: "అంత బాగా ఎండింది కదండీ, వాసన కూడా లేదు. ఇంక తేడా ఎక్కడుంది?"

పెట్ ఫుడ్‌ను బస్తాల లెక్కన కొని నిల్వ చేసే వాళ్లందరికీ, అంటే పెట్ షాపులకు, డీలర్లకు, బ్రీడర్లకు, వసతి కేంద్రాలకు, వీధి కుక్కల ఆశ్రయాలు నడిపేవారికి ఇది రాస్తున్నాను. నేల ఊడవడం, గడువు తేదీ చూడటం, సంచి మూతి కట్టడం మీకు తెలిసిన పనులే, వాటి జోలికి పోను. ఈ వ్యాపారంలో మనుషుల్ని ముంచిన తప్పు ఒకటుంది: తడిసిన బస్తాను ఆరబెట్టి వాడటం. ఎక్కువ చెప్పేది దాని గురించే.

ఎండ ఏం చేస్తుంది, ఏం చేయదు

వడ్లు పండే నేల మనది. కళ్లంలో తడిసిన ధాన్యాన్ని రోడ్డు మీద ఆరబోసి, తేమ 17 శాతానికి దిగాక కొనుగోలు కేంద్రానికి తోలడం ఏటా చూస్తూనే ఉంటాం. ఆ అలవాటే ఇక్కడా చేతికి వస్తుంది. కానీ వడ్లగింజకు పొట్టు ఉంది, లోపలి గింజ పచ్చిగా, గట్టిగా ఉంటుంది. డాగ్ ఫుడ్ గుళిక అలాంటిది కాదు. మొక్కజొన్న, నూకలు, మాంసపు పొడి కలిపి పిండిచేసి, ఆవిరిలో ఉడికించి, యంత్రంలోంచి పొంగించి, ఆరబెట్టి, చివర కొవ్వు పట్టించిన పదార్థం. ఉడికిన పిండి అది, పైన పొట్టు లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు దానిలో తేమ పది శాతానికి అటూ ఇటూ ఉంటుంది. బూజును దూరంగా ఉంచేది ముఖ్యంగా ఆ పొడితనమే. అది ఒకసారి పోయిందంటే మన వానాకాలపు ఉబ్బలో బూజు పట్టడానికి రెండు మూడు రోజులు చాలు.

ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అనే బూజు మొక్కజొన్న, వేరుశనగ, పత్తిగింజల మీద తేలిగ్గా పెరుగుతుంది. పెరుగుతూ అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఎండ ఆ బూజు ఎదుగుదలను ఆపుతుంది, వాసన పోగొడుతుంది. అప్పటికే గుళికలోకి దిగిన విషం పోయిందని మాత్రం నమ్మడానికి లేదు. ఉడకబెట్టినా నమ్మడానికి లేదు, ఎందుకంటే మామూలు వంట వేడికి అది తట్టుకుంటుంది. తడి బస్తాను చూస్తే కూలివాడైనా పక్కన పెడతాడు. ఆరిన బస్తాను ఎవరూ అనుమానించరు. ఆరబెట్టడం వల్ల జరిగేది అంతే: ప్రమాదం పోదు, ప్రమాదాన్ని పట్టించే గుర్తులు పోతాయి.

ఎంత విషం ఉంటే ప్రమాదం? అమెరికాలో పెంపుడు జంతువుల ఆహారానికి అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టిన గీత 20 పీపీబీ. అంటే టన్ను తిండిలో 20 మిల్లీగ్రాములు. ఆ కొలతలో ఉన్నదాన్ని మన కన్ను, ముక్కు పట్టుకోలేవు. 2020 డిసెంబరు చివర అక్కడ స్పోర్ట్‌మిక్స్ అనే డాగ్ ఫుడ్‌ను ఈ విషం వల్లే మార్కెట్ నుంచి వెనక్కి పిలిచారు. కొద్ది వారాల్లోనే 110కి పైగా కుక్కలు చనిపోయినట్టు ఎఫ్‌డీఏకు నివేదికలు అందాయి. ఫ్యాక్టరీలు, పరీక్షలు, నియంత్రణ అన్నీ ఉన్న చోట సంగతి అది.

మన దేశపు ఉదాహరణ ఇంకా చేదుగా ఉంటుంది. 1974 చివర్లో రాజస్థాన్‌లోని బాంస్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల పల్లెల్లో అకాల వానలకు తడిసిన మొక్కజొన్నను నిల్వ చేసుకుని తిన్న గిరిజనులకు కామెర్లు వచ్చాయి, పొట్టలో నీరు చేరింది. దాదాపు నాలుగు వందల మంది జబ్బుపడ్డారు, వందమందికి పైగా చనిపోయారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు వెళ్లి పరిశీలించి, కారణం అఫ్లాటాక్సిన్ అని తేల్చారు. అదే తిండి తిన్న ఊరకుక్కలు కూడా అవే లక్షణాలతో చచ్చిపోయాయి. ఆ మొక్కజొన్న తిన్నవాళ్లు దాన్ని వండుకునే తిన్నారు.

ఇంకో మాట. ఈ విషం బస్తా అంతటా సమానంగా ఉండదు. నీళ్లు దిగిన మూలలో గుప్పెడంత మేర ప్రాణం తీసేంత ఉండి, మిగతా బస్తాలో అసలు లేకపోవచ్చు. "పైపైన తీసేసి మిగతాది వాడాను, ఏమీ కాలేదు" అనేవాళ్లు అందుకే ఉంటారు. "ల్యాబ్‌లో చూపించాను, బాగుందన్నారు" అనేవాళ్లూ అందుకే ఉంటారు. ఒకే చోట నుంచి తీసిన గుప్పెడు చెప్పేది ఆ గుప్పెడు సంగతే. కాబట్టి తడిసిన బస్తాను ఆరబెట్టకండి. మంచి బస్తాలో కలపకండి. సగం ధరకు లూజుగా అమ్మకండి.

"పారేయడమెందుకు, వీధి కుక్కలకు వేస్తే పుణ్యం" అనే మాట నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పిస్తుంది. వీధి కుక్కకు కాలేయం వేరే రకంగా ఉండదు. కోళ్లకు వేస్తే? ఈ విషం ప్రపంచానికి తెలిసిందే 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు. వాటి దాణాలో కలిపిన వేరుశనగ పిండిలో దొరికింది. బాతుపిల్లలు ఇంకా సున్నితం. పాడి గేదెకు పెడితే రూపం మారి పాలలోకి వస్తుంది, ఆ పాలు తాగేది పిల్లలు. ఎవరికీ వేయకండి.

తడి పైకప్పు నుంచే రాదు

పైకప్పు కారితే కనబడుతుంది. కనబడకుండా వచ్చే తడి గురించి చెబుతాను.

మొదటిది హమాలీ కొక్కెం. బియ్యం బస్తాకు అలవాటుపడ్డ చేయి డాగ్ ఫుడ్ బస్తాకూ కొక్కెం గుచ్చుతుంది. పైన ఏమీ తెలియదు, లోపలి పొర చిల్లు పడుతుంది. వేసవిలో ఆ చిల్లు వల్ల పెద్దగా ఏమీ కాదు, జూలైలో ఆ చిల్లు చుట్టూ గుళికలు ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. దించేటప్పుడు మీరో, మీ మనిషో పక్కన నిలబడి కొక్కెం వాడనివ్వకండి. ఒక్కో బస్తాకు అయిదు రూపాయలు ఎక్కువ అడిగితే ఇచ్చేయండి.

రెండోది టార్పాలిన్. వాన వస్తుందని దొంతర మీద బిగుతుగా కప్పి అంచులు దోపుతారు. పగలు వేడెక్కి, రాత్రి చల్లబడి, టార్పాలిన్ లోపలి వైపున నీటి చుక్కలు పడతాయి. అవి నేరుగా బస్తా కుట్టు మీదికి జారతాయి. కప్పాల్సి వస్తే పైన రెండు కర్రలు అడ్డంగా పెట్టి, బస్తాకూ టార్పాలిన్‌కూ మధ్య జానెడు గాలి ఉండేలా కప్పండి.

గోడకు ఆనించిన బస్తా, సిమెంటు నేల మీద నేరుగా పెట్టిన బస్తా చెమ్మను పీలుస్తాయి. చెక్క ప్యాలెట్ల మీద, గోడకు అడుగు దూరంలో పెట్టండి. ఏసీ గదిలోంచి చల్లటి బస్తాను తెచ్చి ఉబ్బలో విప్పకండి. గది వేడికి వచ్చేదాకా మూసే ఉంచండి.

సెల్లారులో నిల్వ వద్దు. అద్దె తక్కువని తీసుకునేవాళ్లు ఎంతమందో. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి, దుకాణాల్లోకి నీళ్లొచ్చి రోజుల తరబడి నిలిచాయి. అలాంటి చోట ప్యాలెట్ ఎత్తు ఎవరినీ కాపాడలేదు.

అనుమానం వచ్చిన బస్తాను ఎలా చూడాలి? పైన కాదు, కింది మూలలో. కుట్టు దగ్గర చేత్తో నొక్కితే గుళికలు విడివిడిగా జరగాలి. గడ్డలా తగిలితే అక్కడ తడి దిగినట్టే. ఒక గుళికను వేళ్ల మధ్య విరవండి: పొడి గుళిక పుటుక్కున విరుగుతుంది, చెమ్మ పట్టింది నలిగి అణుగుతుంది. రెండు గుళికల మధ్య సాలెగూడు పోగులాంటి తెల్లటి దారం కనబడితే ఇక చూడాల్సింది ఏమీ లేదు. ఆ బస్తా మొత్తం పోయినట్టే. ఆరబెట్టే ఆలోచన అప్పుడూ వద్దు.

డ్రమ్ము

లూజు అమ్మకం ఉన్న ప్రతి షాపులో ఒక ప్లాస్టిక్ డ్రమ్ము ఉంటుంది, దాని అడుగున ఎప్పటిదో తెలియని నాలుగు అంగుళాల తిండి ఉంటుంది. పాతదాని మీదే కొత్త బస్తా పోస్తారు. గోడలకు అంటిన కొవ్వు కనరెక్కుతుంది, అడుగు పిండిలో పురుగు పెరుగుతుంది, కొత్త బస్తా వారం తిరక్కుండా దాని పాలవుతుంది. పైగా బ్యాచ్ నంబరు ఉన్న సంచి చెత్తబుట్టలోకి పోతుంది. రేపు కంపెనీ ఫలానా బ్యాచ్ వెనక్కి ఇవ్వమంటే మీ దగ్గరున్నది ఏదో మీకే తెలియదు. డ్రమ్ము వాడక తప్పకపోతే తిండిని సంచితో సహా డ్రమ్ములో దించండి. అడుగంటేదాకా కొత్తది విప్పకండి.

ఎంత కొనాలి

తక్కువ. నలభై కుక్కలు, సగటున 300 గ్రాములు అనుకుంటే రోజుకు 12 కిలోలు. మూడు వారాలకు 252 కిలోలు, అంటే 20 కిలోల బస్తాలు పదమూడు. జూన్ నుంచి డిసెంబరు తుఫానులు దాటేదాకా అంతకు మించి పెట్టుకోకండి. పది బస్తాలకు ఒకటి ఉచితం అనే స్కీములు సరిగ్గా వానలకు ముందే వస్తాయి, ఎందుకంటే తన గోదాములోని సరుకును మీ గోదాములోకి నెట్టడం డీలరుకు అవసరం. ఆ ఉచిత బస్తా విలువ ఒక్క వానకు మాయమవుతుంది. ముందు వచ్చింది ముందు అనే లెక్క కూడా చాలదు. ముందు గడువు తీరేది ముందు పోవాలి. పాత తేదీ సరుకు ఆలస్యంగా రావడం మామూలే.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

పురుగు పట్టిన బస్తాను జల్లెడ పట్టి వాడకండి. పురుగు ఊపిరితోనే బస్తాలో వేడి, చెమ్మ పెరుగుతాయి.

ఎలుక కొరికిన సంచి పారేయండి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. కుక్కలకు టీకా ఉంది, మీ పనివాళ్లకు లేదు.

ఎలుకల మందు తిండి ఉన్న గదిలో పెట్టకండి. బోను పెట్టండి.

పురుగును చంపడానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు గోదాములో వేయకండి. పైన ఇళ్లు ఉన్న షాపులో అసలు వేయకండి. చెమ్మ తగిలితే వచ్చే గాలి మనుషుల్ని చంపుతుంది.

విప్పిన బస్తా వానాకాలంలో రెండు వారాల్లో అయిపోవాలి. విప్పిన తేదీ సంచి మీద మార్కర్‌తో రాయండి.

బ్యాచ్ నంబరు కోసం ఖాళీ సంచులను కనీసం నెల రోజులు దాచండి.

గాలిలో తేమ చూపించే చిన్న మీటరు ఒకటి గోదాము గోడకు తగిలించండి. 65 శాతం దాటితే ఫ్యాను వేయడం కాదు, తలుపులు మూయండి. బయటి గాలి లోపలి గాలికన్నా తడిగా ఉన్నప్పుడు కిటికీ తెరిస్తే తడిని పిలిచినట్టే.

వానలో ఆటో ట్రాలీలోంచి సరుకు దించుకోకండి. తిప్పి పంపండి. డ్రైవరు గొణిగితే గొణగనివ్వండి.

తడిసిన బస్తాలను మంచివాటి పక్కన ఒక్క రాత్రి కూడా ఉంచకండి. తడిసినవి ఆరబెట్టకండి. చెప్పాను కదా అనుకోకండి, ఆగస్టులో చేయి అటే పోతుంది.

పారేసేటప్పుడు సంచి చింపి, గుళికల మీద ఫినాయిలు కానీ సున్నం కానీ పోయండి. మూటగా పారేస్తే ఎవరో ఏరుకెళ్లి అమ్ముతారు.

బీమా ఉంటే ముందు ఫొటోలు, తరువాత ఫోను, సర్వేయరు చూశాకే పారేయడం. పాలసీలో తుఫాను, వరద నష్టం ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. తడిసిన సరుకుకు ఇంకా కొంత ధర పలుకుతుందని బీమావాళ్లు మిగులు విలువ కడతామంటే ఎవరికో తిండిగా అమ్మే షరతుకు ఒప్పుకోకండి.

కుక్క తిండి మానేసి, మందకొడిగా ఉండి, మూత్రం ముదురు రంగుకు తిరిగితే తిండి ఆపేయండి. ఉదయందాకా ఆగకండి. విరుగుడు మందు లేదు, ముందుగా చూపిస్తేనే కాలేయాన్ని కాపాడే అవకాశం. డాక్టరు దగ్గరికి కుక్కతో పాటు సంచిని, అందులో మిగిలిన తిండిని కూడా తీసుకెళ్లండి.

వసతి కేంద్రం వాళ్లు యజమానికి అదే గంటలో ఫోను చేయండి.

గోదాము తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంచకండి. రెండోది గోదాముకు నడిచివచ్చేంత దగ్గరలో ఉన్న మనిషి దగ్గర ఉండాలి, అర్ధరాత్రి వాన పడితే షట్టర్ ఎత్తేది ఎవరో అందరికీ తెలియాలి.