పరిశోధక విద్యార్థులు ఆన్‌లైన్‌లో బోధన నేర్చుకునే విధానం

విజ్ఞాన శాస్త్రాల్లో పీహెచ్‌డీ పూర్తిచేసి అధ్యాపకులుగా చేరినవారికి పరిశోధనలో ఏళ్ల తరబడి శిక్షణ ఉంటుంది, పాఠం చెప్పడంలో మాత్రం చాలామందికి ఏ శిక్షణా ఉండదు. ఈ లోటును గుర్తించే యూజీసీ 2022 నాటి పీహెచ్‌డీ నిబంధనల్లో, ఏ విభాగానికి చెందిన పరిశోధకులైనా తమ విషయానికి సంబంధించిన బోధన, రచనల్లో శిక్షణ పొందాలని నిర్దేశించింది. ట్యుటోరియళ్లు, ల్యాబ్ తరగతులు, మూల్యాంకనం వంటి పనులను వారానికి 4 నుంచి 6 గంటల మేరకు వారికి అప్పగించవచ్చని కూడా చెప్పింది. బోధనపై ఆన్‌లైన్ కోర్సు చేయదలచినవారు ఆ గంటలు తమ చేతిలో ఉన్న సెమిస్టర్‌లోనే చేయాలి. తరగతి లేని సెలవుల్లో చేసిన కోర్సు వల్ల సర్టిఫికెట్‌కు మించి మిగిలేది స్వల్పం.

కోర్సును ఎంచుకునేటప్పుడు వీడియోల కంటే ముందు అసైన్‌మెంట్లను చూడాలి. అన్నీ బహుళైచ్ఛిక ప్రశ్నలే అయితే ఆ కోర్సు పరిభాషను నేర్పుతుంది గాని పాఠం తయారుచేయడం నేర్పదు. మన దేశంలో అందరికీ అందుబాటులో ఉన్నది ఎన్‌పీటీఈఎల్. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఈ వేదికలో నమోదు ఉచితం, పరీక్షకు మాత్రం రుసుము ఉంటుంది. సర్టిఫికెట్ కావాలంటే వారవారీ అసైన్‌మెంట్లలో 25కు 10, పరీక్షలో 75కు 30 తెచ్చుకోవాలి. అభ్యసన ఫలితాల రూపకల్పన, మూల్యాంకనం గురించిన కోర్సులు అక్కడ దొరుకుతాయి. అమెరికాలో చదువుతున్న తెలుగు విద్యార్థులు తమ విశ్వవిద్యాలయం సర్టిల్ నెట్‌వర్క్‌లో సభ్యత్వం కలిగి ఉందేమో విచారించుకోవాలి. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో 2003లో విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయం కేంద్రంగా మొదలైన ఈ నెట్‌వర్క్, కాబోయే సైన్స్ అధ్యాపకుల కోసమే ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది. బోధనను కూడా పరిశోధనలాగే చేయాలన్నది దాని మూలసూత్రాల్లో ఒకటి. మీరు భారతదేశంలో ఉన్నా పాటించదగిన సూత్రమే ఇది.

ఆ సూత్రాన్ని ఆచరణలో పెట్టడానికి ఒక్క భావన చాలు. డిగ్రీ మొదటి సంవత్సరం రసాయనశాస్త్ర ట్యుటోరియల్‌లో ‘మరుగుతున్న నీటిలో పైకి లేచే పెద్ద బుడగల్లో ఏముంటుంది?’ అని అడిగి, గాలి, హైడ్రోజన్-ఆక్సిజన్ మిశ్రమం, నీటి ఆవిరి, శూన్యం అనే నాలుగు ఐచ్ఛికాలు ఇవ్వండి. తప్పు సమాధానాల వెనుక కూడా ఒక ఆలోచన ఉంటుంది. వేడిచేసిన కొద్దిసేపటికి కనిపించే చిన్న బుడగలు నిజంగానే నీటిలో కరిగివున్న గాలి కనుక ‘గాలి’ అనే విద్యార్థి చూసిందే చెబుతున్నాడు. ఫార్ములా బట్టీపట్టిన విద్యార్థి హైడ్రోజన్-ఆక్సిజన్ వైపు మొగ్గుతాడు. చేతులెత్తమంటే అందరూ ముందు బెంచీ వైపే చూస్తారు కాబట్టి నాలుగు రంగుల కాగితాలు పంచి, అందరూ ఒకేసారి చూపేలా చేయాలి. సరైన సమాధానం సుమారు 30 నుంచి 70 శాతం మంది చూపితే, వివరణ ఇవ్వకుండా పక్కవారితో చర్చించమని చెప్పి మళ్లీ ఓటు వేయించాలి. అంతకంటే తక్కువైతే పాఠాన్ని మరోవిధంగా చెప్పాలి, ఎక్కువైతే క్లుప్తంగా వివరించి ముందుకు సాగాలి. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ భౌతికశాస్త్ర తరగతుల్లో అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారు ఉంటే చర్చను తెలుగులో సాగనివ్వడమే మేలు. అది ఇంగ్లిష్ తరగతి కాదు గదా. చివర్లో, సరైన సమాధానం నీటి ఆవిరి అనీ, మరిగేటప్పుడు అణువుల మధ్య ఆకర్షణలు వీడతాయే తప్ప అణువు లోపలి బంధాలు తెగవనీ స్పష్టం చేయాలి.

సిలబస్‌ పూర్తికావడానికే సమయం చాలదన్న అభ్యంతరం సీనియర్ల నుంచి తప్పక వస్తుంది. 2014లో ఫ్రీమన్ బృందం 225 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, కేవలం ఉపన్యాసం విన్న తరగతుల్లో సుమారు 34 శాతం మంది, విద్యార్థులు చురుగ్గా పాల్గొన్న తరగతుల్లో 22 శాతం మంది తప్పినట్లు తేలింది. ఈ అంకెలు చెప్పి వాదించడం కంటే ట్యుటోరియల్‌లో ఒక్క పదిహేను నిమిషాలకు అనుమతి అడగడం సులువు.

కోర్సును ఒంటరిగా కాకుండా, విభాగంలోని ఇద్దరు ముగ్గురు తోటి పరిశోధకులతో కలిసి చేయడం మంచిది. వీడియోలు ఎవరికి వారు చూసివచ్చి, వారానికొకసారి కలిసినప్పుడు ఒకరు పది నిమిషాలు పాఠం చెప్పాలి, దాన్ని ఫోన్‌లో చిత్రీకరించాలి. ఆ వీడియోలో ఒకే విషయం గమనించండి: ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగారు? ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే విద్యార్థుల సమాధానాలు మెరుగుపడతాయనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో గమనించారు. మూడు సెకన్లు మౌనంగా నిలబడటం చెప్పినంత తేలిక కాదు.

కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ ప్రారంభించిన ఫెట్ సిమ్యులేషన్లు (ప్రయోగాలను కంప్యూటర్ తెరపై చేసి చూసే నమూనాలు) ఉచితంగా లభిస్తాయి; అయితే ఏం జరుగుతుందో ముందుగా విద్యార్థులచేత రాయించిన తరువాతే వాటిని చూపాలి.

ప్రతి తరగతికీ ఒక పేజీ రాసిపెట్టుకోండి: విద్యార్థి ఏం చేయగలగాలనుకున్నారు, ఏ ప్రశ్న అడిగారు, మొదటి ఓటులో, రెండవ ఓటులో ఎవరి పేరూ లేకుండా సంఖ్యలు ఎంత, మరుసటిసారి ఏం మారుస్తారు. అమెరికాలో అధ్యాపక ఉద్యోగ దరఖాస్తుతోపాటు అడిగే బోధనా ప్రకటనకు (టీచింగ్ స్టేట్‌మెంట్) గాని, ఇక్కడి ఇంటర్వ్యూల్లో పెట్టే డెమో క్లాసుకు గాని కావలసిన సరుకు ఆ పేజీల్లోనే ఉంటుంది. డెమోకు మరీ సులువైన అంశాన్ని తీసుకోకుండా, మీ నమోదుల్లో విద్యార్థులు ఎక్కువగా తడబడిన అంశాన్నే ఎంచుకోండి.