ఇటలీ, జర్మనీల ఏకీకరణ: డెల్టా బడుల్లో ఈ పాఠం చెప్పే పద్ధతి

కోనసీమలోనైనా, భీమవరం ప్రాంతంలోనైనా, పదో తరగతికి ఐరోపా జాతీయవాదం చెప్పేటప్పుడు ఇటలీ నాయకులు మాజిని, కవూర్, గారిబాల్డి, జర్మన్ రాజ్యమైన ప్రష్యా ప్రధాని బిస్మార్క్ పేర్లను వరుసగా రాయించి ముందుకు సాగితే వీరగాథ మిగులుతుంది గాని, ఒక భావన రాజ్యంగా ఎలా మారిందో పిల్లలకు అందదు. అందుకే పేర్లకంటే ముందు పటం గీయించండి. 1815 వియన్నా కాంగ్రెస్ తరువాతి ఐరోపాలో లొంబార్డీ, వెనీషియాలు ఆస్ట్రియా చేతిలో, మధ్య ఇటలీలో పెద్ద భాగం పోప్ పాలనలో ఉండేవి. జర్మన్ ప్రాంతం 39 రాజ్యాల సమాఖ్యగా ఉండేది.

పటం పూర్తయ్యాక యానాం సంగతి అడగండి. గౌతమీ తీరాన, చుట్టూ తెలుగువారే ఉన్నా, ఆ పట్టణం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉంది. నేటికీ పుదుచ్చేరిలో భాగమే. భాష ఒకటైనంత మాత్రాన రాజ్యం ఒకటి కాదని మన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు. ఆస్ట్రియాలోని జర్మన్లు 1871 నాటి జర్మనీకి వెలుపలే ఎందుకు ఉండిపోయారన్న ప్రశ్నకు అక్కడినుంచి దారి దొరుకుతుంది.

ఫ్రాంక్‌ఫర్ట్ పార్లమెంటుకు ఒక పూర్తి పీరియడు కేటాయించాలని నా గట్టి అభిప్రాయం. 1848లో సమావేశమైన జర్మన్ ప్రతినిధులు ఉమ్మడి జర్మనీకి రాజ్యాంగం రాసి, మరుసటి ఏడాది ప్రష్యా రాజు నాలుగో ఫ్రెడరిక్ విలియంకు కిరీటం ఇవ్వజూపగా ఆయన తిరస్కరించాడు. ప్రజాప్రతినిధులు ఇచ్చే కిరీటం రాజు అధికారానికి హద్దులు గీస్తుంది. ఆ సభకేమో సొంత సైన్యం లేదు. ఈ రెండు కారణాలను పిల్లలచేతనే చెప్పించగలిగితే, జాతీయవాదం ఉదారవాదుల చేతినుంచి ప్రష్యా రాజ్యం చేతికి ఎలా వెళ్లిందో వారికి తెలుస్తుంది. 1834లోనే ప్రష్యా నాయకత్వాన ఏర్పడిన జోల్వెరిన్ అనే సుంకాల కూటమి సభ్య రాజ్యాల మధ్య సుంకాలను తొలగించి, వర్తకులకు ఉమ్మడి విపణిని ముందే రుచి చూపించిందని ఇక్కడే చేర్చండి. 1864లో డెన్మార్క్‌తో, 1866లో ఆస్ట్రియాతో, 1870–71లో ఫ్రాన్స్‌తో ప్రష్యా చేసి, చివరికి 1871లో జర్మన్ సామ్రాజ్యాన్ని స్థాపించిన యుద్ధాలను క్లుప్తంగా ముగించవచ్చు.

ఇటలీని మాత్రం నిదానంగా చెప్పాలి. 1859లో పీడ్‌మాంట్-సార్డీనియా రాజ్య ప్రధాని కవూర్ ఫ్రాన్స్ సాయంతో లొంబార్డీని సాధించాడు. మరుసటి ఏడాది సవాయ్‌తో పాటు నీస్‌ను ఫ్రాన్స్‌కు అప్పగించాడు. నీస్ గారిబాల్డి పుట్టిన ఊరు. అయినా గణతంత్రవాది అయిన ఆ మనిషి 1860లో సిసిలీ, నేపుల్స్‌లను గెలిచి పీడ్‌మాంట్-సార్డీనియా రాజు రెండో విక్టర్ ఇమ్మాన్యుయేల్‌కు అప్పగించాడు. అదే ఏడాది సిసిలీలోని బ్రాంటేలో భూమికోసం తిరగబడిన రైతులను గారిబాల్డి సేనాని బిక్సియో అణచివేసి, కొందరిని కాల్చి చంపించాడు. వ్యవసాయ కుటుంబాలనుంచి వచ్చే మన విద్యార్థులు ఈ ఘట్టాన్ని శ్రద్ధగా వింటారు. దీన్ని వదిలేయడం అన్యాయం. 1861లో ఇటలీ రాజ్యం ప్రకటితమైంది. 1866లో వెనీషియా, 1870లో రోమ్ కలిశాయి.

పరీక్షలో బిస్మార్క్ పాత్రను వివరించమనే బదులు 1871 పటం ఇచ్చి, తమ సమ్మతి లేకుండానే జర్మన్ సామ్రాజ్యంలో చేరినవారిని గుర్తించమనండి. ఉత్తర ష్లెస్విగ్ డేన్లను (డెన్మార్క్ జాతివారిని), పోజెన్ పోలిష్ ప్రజలను, అల్సేస్-లొరైన్ వాసులను గుర్తించి, ఒక్కొక్కరూ ఎందుకు వ్యతిరేకించారో రెండు వాక్యాలలో రాసినవారికి పూర్తి మార్కులు వేయండి.