బాస్ బోటు వేగం అందుకోవడం లేదా? పానా పట్టే ముందు జాగ్రత్తలు

చేపల వేటకు వాడే ఈ వేగపు పడవ ముక్కు పైకెత్తి ఈడుస్తోందంటే అందరి అనుమానమూ ఇంజిన్ మీదికే పోతుంది. కాస్త ఆగండి.

• ముందు బరువు తగ్గించండి. చేపల తొట్టిలో, పడవ అడుగున చేరిన నీళ్లు తోడేయండి. వంద లీటర్లంటే వంద కిలోలు. సగం ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయని నా నమ్మకం.

• ప్రొపెల్లర్‌ను తాకే ముందు ఇంజిన్ తాళం తీసి జేబులో వేసుకోండి. కిల్ స్విచ్ (ఇంజిన్ని వెంటనే ఆపేసే మీట) తాడు ఊడదీయండి, బ్యాటరీ తీగ విప్పండి. నట్టు విప్పేటప్పుడు రెక్క తిరగకుండా చెక్కదిమ్మ అడ్డం పెట్టాలి, చెయ్యి కాదు. అరిగిన రెక్క అంచు చర్మాన్ని కోసేస్తుంది, చేతితొడుగులు తప్పనిసరి.

• హబ్బులోని (రెక్కల నడిమి భాగంలోని) రబ్బరు జారుతోందని అనుమానమా? ప్రొపెల్లర్ వెనక, హబ్బు లోపలి భాగం నుంచి బయటి భాగం దాకా మార్కర్‌తో ఒకే గీత గీసి, నీటి మీద గట్టిగా నడిపి చూడండి. గీత విడిపోయి పక్కకు జరిగితే దొంగ దొరికినట్టే.

• ఒడ్డున నీళ్లు అందకుండా ఇంజిన్ తిప్పవద్దు. ఇంజిన్ని చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ (రెక్కల చక్రం) చూస్తుండగానే పాడవుతుంది. నీటి గొట్టం తగిలించినా ఐడిల్ (ఇంజిన్ కనీస వేగం) దాటవద్దు.

• ఇంధన ఫిల్టరు విప్పే చోట గాలి ఆడాలి, నిప్పు ఉండకూడదు. ట్యాంకు గాలి రంధ్రం మూసుకుపోయిందేమో కూడా చూడండి.

• నీటి మీద పరీక్షకు లైఫ్ జాకెట్, ఒంటికి తగిలించుకున్న కిల్ స్విచ్ తాడు, తోడు మనిషి ఉండాలి. ట్రిమ్ (ఇంజిన్ వాలు) పూర్తిగా లోపలికి దించి బయలుదేరండి. ఒక్కో పరుగుకు ఒక్క మార్పే చేయండి, లేదంటే ఏది పనిచేసిందో తేలదు.